ఎక్కించే ముందు దించడం నేర్చుకుందాం

(మా యువజన శిక్షణ శిబిరంలో మాట్లాడిన మాటలు. వినలేకపోయినవాళ్లు రాసి పెట్టమన్నారు. మాట్లాడినట్టే ఉంచాను, ఫైళ్ల పేర్లు మాత్రం సరిచూసుకుని రాశాను.)

 

నేను మ్యూజిక్ ప్లేయర్ల గురించి మాట్లాడతానని చెప్పగానే వెనక నుంచి ఒక తమ్ముడు "ఫోన్ ఉండగా అదెందుకన్నా?" అన్నాడు. సరైన ప్రశ్నే. మన ఊళ్లలో ఫోన్ ఎట్లా బతుకుతుందో మీకు తెలుసు. సిగ్నల్ కోసం గుట్ట ఎక్కాలి. చార్జింగ్ పొద్దుగూకే సరికి అయిపోతుంది. పాట వింటుంటే మధ్యలో లోన్ ఇస్తామని ఫోనొస్తుంది. ఈ చేతిలో ఉన్నది చూడండి. శాన్‌డిస్క్ కంపెనీ శాన్సా క్లిప్ ప్లస్. 2009లో వచ్చింది. దాదాపు అగ్గిపెట్టె అంత ఉంటుంది, చొక్కాకి క్లిప్పు పెట్టుకోవచ్చు. సిమ్ లేదు, నెట్ లేదు, మీరేం వింటున్నారో ఎవరికీ కబురు చేరవేయదు. పక్కన మైక్రో ఎస్‌డీ కార్డు దూర్చే సందు ఉంది. లోపల చిన్న మైకు కూడా ఉంది. ఆ మైకు వల్లే నేను ఈ రోజు దీని గురించి మాట్లాడుతున్నాను.

కంపెనీ దీన్ని తయారు చేయడం ఎప్పుడో మానేసింది. సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతుంది. ఎవరి డ్రాయర్‌లోనో, పాత సామాన్ల సంతలోనో, పట్నంలో చదువుకున్న అన్న పాత బ్యాగులోనో దొరుకుతుంది. అట్లా మన చేతికి వచ్చేసరికి దాని కంపెనీ దాన్ని మర్చిపోయి ఉంటుంది. కొత్త అప్‌డేట్ రాదు, సర్వీస్ సెంటర్ తీసుకోదు. అట్లాంటి వస్తువుని ఏం చేయాలి అనేదే ఈ రోజు సంగతి.

ముందు ఒక విషయం చెప్తాను. నా దోస్తు ఒకడి దగ్గర ఇట్లాంటి ప్లేయరే ఉండేది. వాళ్ల నానమ్మ రేల పాటలు పాడుతుంటే దాంట్లోనే రికార్డు చేసేవాడు. నాట్ల దగ్గర పాడినవి, పండగ రాత్రి పాడినవి, ఉత్తగా అరుగు మీద కూర్చుని దగ్గుకుంటూ పాడినవి. మధ్యలో కోళ్ల అరుపులు కూడా ఉండేవి. రెండేళ్లు పోగేశాడు. తర్వాత ఆమె చనిపోయింది. కొన్నాళ్లకి ప్లేయర్ ఆన్ చేస్తే తెర మీద అదే బొమ్మ, ముందుకి పోవట్లేదు. వాడు దగ్గర్లో ఉన్న టౌన్‌లో ఒక షాపుకి తీసుకుపోయాడు. షాపతను చూసి "ఏం లేదు, ఫార్మాట్ కొడితే అయిపోతుంది" అన్నాడు. కొట్టాడు. అయిపోయింది. ప్లేయర్ చక్కగా పని చేస్తోంది, ఇప్పటికీ పని చేస్తోంది. లోపల నానమ్మ లేదు.

షాపతను దొంగ కాదు, చెడ్డవాడూ కాదు. ఆయనకి తెలిసింది ఆయన చేశాడు. ఆయనకి ఆ పెట్టెలో ఉన్నవి "డేటా". ఇక్కడ నేను అడిగేది ఒకటే. వాడి చేతిలో ఉన్న వస్తువు లోపల ఏముందో, ఏది తీస్తే ఏది పోతుందో వాడికి ఎవరూ ఎందుకు చెప్పలేదు? డిగ్రీ చదివినవాడు. నేనూ డిగ్రీ చదివాను. మూడేళ్లలో ఒక్క లెక్చరర్ కూడా ఒక వస్తువుని విప్పి చూపించలేదు.

సరే, విప్పుదాం.

ఈ ప్లేయర్‌లో మూడు రకాల సరుకు ఉంటుంది. ఒకటి మీ పాటలు, మీ రికార్డింగులు. రెండోది ఫర్మ్‌వేర్. అంటే ఈ వస్తువుని నడిపే ప్రోగ్రాము. బటన్ నొక్కితే ఏం జరగాలి, తెర మీద ఏం కనపడాలి, ఎంపీత్రీ ఫైలుని చప్పుడుగా ఎట్లా మార్చాలి, బ్యాటరీ ఎంతుందో ఎట్లా లెక్కేయాలి, అన్నీ అదే చూస్తుంది. మూడోది బూట్‌లోడర్. పేరు గంభీరంగా ఉంది గానీ పని చిన్నది. పవర్ బటన్ నొక్కగానే ముందు లేచేది అదే. లేచి, "పద" అని ఫర్మ్‌వేర్‌ని లేపుతుంది. గుమ్మం దగ్గర పడుకునే మనిషి అనుకోండి. ఇంట్లోకి ఎవరిని పంపాలో ఆ మనిషే చూసుకుంటాడు.

ఈ మూడూ వేరు వేరు అని తెలిస్తే సగం భయం పోతుంది. మా దోస్తు ప్లేయర్‌లో పాటలకి ఏ జబ్బూ లేదు. శాన్సాల్లో తరచుగా జరిగేది ఏంటంటే, ఫర్మ్‌వేర్ పాటలన్నిటినీ లెక్కబెట్టి ఒక జాబితా రాసుకుంటుంది. పాడైన ఫైలు ఒకటి తగిలినా, పెద్ద కార్డు పెట్టినా అక్కడే చతికిలబడుతుంది. కంపెనీ ఫర్మ్‌వేర్ ఇరుక్కుంటే ఇంకో దారిలో లోపలికి పోయే వీలుంటే, ఆ పాటలు కాపీ చేసుకుని, తర్వాత ఎన్ని ఫార్మాట్లు కొట్టినా ఫరవాలేదు.

ఆ ఇంకో దారి పేరు రాక్‌బాక్స్.

ఇది ఎక్కడి నుంచి వచ్చిందో కొంచెం చెప్పాలి, ఎందుకంటే నాకు ఆ కథ ఇష్టం. 2001లో ఫ్రాన్స్‌కి చెందిన ఆర్కోస్ అనే కంపెనీ జూక్‌బాక్స్ అని ఒక ప్లేయర్ అమ్మేది. ఇటుకలాగా ఉండేది, లోపల కంప్యూటర్‌లో ఉండేట్టు హార్డ్ డిస్కు తిరిగేది. స్వీడన్‌లో బ్యోర్న్ స్టెన్‌బెర్గ్ అనే అతను అది కొన్నాడు. వస్తువు బాగుంది, లోపలి ప్రోగ్రాము బాగోలేదు. కంపెనీ ఏ వివరమూ బయట పెట్టలేదు. అతను, లైనస్ నీల్సన్ ఫెల్ట్‌సింగ్, డానియల్ స్టెన్‌బెర్గ్ కలిసి ఆ పెట్టెలో ఏ చిప్పు ఉందో, అది ఎట్లా మాట్లాడుతుందో వాళ్లే కనుక్కుని, కంపెనీ కోడ్‌లో ఒక్క ముక్క కూడా వాడకుండా మొదటి నుంచి కొత్తగా రాయడం మొదలుపెట్టారు. ఈ డానియల్ ఎవరో కంప్యూటర్ చదివిన తమ్ముళ్లకి తెలిసే ఉంటుంది. కర్ల్ అనే ప్రోగ్రాము ఆయనదే, మీ ఫోన్‌లోనూ ఎక్కడో అది ఉంటుంది. 2002లో రాక్‌బాక్స్ మొదటి వెర్షన్ వచ్చింది. జీపీఎల్ లైసెన్స్ కింద ఇచ్చారు. అంటే కోడ్ ఎవరైనా చదవొచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు. పంచుకుంటే మార్చిన కోడ్ కూడా అదే షరతుతో ఇవ్వాలి. మన దగ్గర విత్తనం ఇచ్చిపుచ్చుకున్నట్టే అనుకోండి. తీసుకున్నవాడు తన ఇంట్లో దాచిపెట్టి అమ్ముకోడు.

ఆర్కోస్‌లో రాక్‌బాక్స్ పెట్టే పద్ధతి వినండి. ఆ ప్లేయర్ ఆన్ అవగానే డిస్కులో ఆర్కోస్ డాట్ మాడ్ అనే ఫైలు ఉందా అని వెతికేది. ఉంటే దాన్ని లేపేది, లేకపోతే తన చిప్పులో ఉన్న పాత ప్రోగ్రామునే నడిపేది. కాబట్టి రాక్‌బాక్స్ ఎక్కించడం అంటే ఆ ఫైలు కాపీ చేయడం. దించడం అంటే ఆ ఫైలు తుడిచేయడం. అంతే. మొదటి రోజు నుంచే వెనక్కి వచ్చే దారి తెరిచే ఉంది. ఊళ్లో ఎవరికైనా కొత్త పని ఒప్పజెప్పేటప్పుడు నేను చూసేది ఇదే. నచ్చకపోతే ముందులాగా అవుతుందా, అవదా?

తర్వాత వచ్చిన ప్లేయర్లు అంత సులువుగా లేవు. ఆర్కోస్ నుంచి ఐరివర్‌కి, ఐపాడ్‌కి, తోషిబా గిగాబీట్‌కి, శాన్సాకి రాక్‌బాక్స్‌ని ఎవరో ఒకరు తీసుకెళ్లారు. ప్రతి దానికీ తలుపు వేరు, తాళం వేరు. ఐపాడ్ నానో రెండో తరంలో ఆపిల్ తన ఫర్మ్‌వేర్‌ని ఎన్‌క్రిప్ట్ చేసి పెట్టింది. పాటల పెట్టెకి అంత తాళం ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. చివరికి దాన్ని కూడా తెరిచారు, ఐపాడ్‌లో నోట్స్ చదివే చిన్న సదుపాయంలో ఉన్న లొసుగుతో.

ఇప్పుడు చేతిలో ఉన్న క్లిప్ ప్లస్‌కి వద్దాం. ఇది నిదానంగా చెప్తాను, రాసుకునేవాళ్లు రాసుకోండి.

మొట్టమొదట పాటలన్నీ బయటికి కాపీ చేయండి. ఒక చోట కాదు, రెండు చోట్ల. ఒకటి కంప్యూటర్‌లో, ఇంకొకటి పెన్‌డ్రైవ్‌లో. కార్డు ఉంటే తీసి పక్కన పెట్టండి. ఇది చేయకుండా ఇంకేదీ చేయొద్దు. ప్లేయర్‌లో మీ అమ్మమ్మ గొంతు ఉంటే, కాపీ చేసిన తర్వాత ఆ కాపీని ఒకసారి విని చూసుకోండి. ఫైలు పేరు కనపడినంత మాత్రాన పాట వచ్చినట్టు కాదు.

తర్వాత బ్యాటరీ నిండా చార్జ్ చేయండి. మన కరెంటు సంగతి తెలిసిందే కదా, ల్యాప్‌టాప్ బ్యాటరీ కూడా చూసుకోండి. ఫర్మ్‌వేర్ రాసుకునే అర నిమిషంలో పవర్ పోవడం కంటే పాపం ఇంకోటి లేదు.

తర్వాత ప్లేయర్ సెట్టింగుల్లోకి వెళ్లి యూఎస్‌బీ మోడ్ అనే చోట ఎంఎస్‌సీ అని పెట్టండి. అప్పుడే కంప్యూటర్‌కి ఇది మామూలు పెన్‌డ్రైవ్‌లా కనపడుతుంది. ఎంటీపీలో ఉంటే ఫైళ్లు కనపడ్డట్టే ఉంటాయి గానీ మన పని జరగదు. చాలామంది ఇక్కడే గంటలు గంటలు కొట్టుకుంటారు.

ఇప్పుడు రాక్‌బాక్స్ యుటిలిటీ. ఇది కంప్యూటర్‌లో నడిచే ప్రోగ్రాము. విండోస్‌కి ఉంది, లినక్స్‌కి ఉంది, మ్యాక్‌కి ఉంది. ఉచితం. ఏ ప్లేయర్ తగిలించారో అదే కనిపెడుతుంది, లేకపోతే మీరు చెప్పాలి. ఇన్‌స్టాల్ నొక్కగానే శాన్సా విషయంలో అది మిమ్మల్ని ఒకటి అడుగుతుంది: కంపెనీ వాళ్ల అసలు ఫర్మ్‌వేర్ ఫైలు ఎక్కడుందో చూపించమని. క్లిప్ ప్లస్‌కి ఆ ఫైలు పేరు సి, ఎల్, పి, పి, ఎ, డాట్ బిన్. అది శాన్‌డిస్క్ సొత్తు కాబట్టి రాక్‌బాక్స్ వాళ్లు దాన్ని పంచిపెట్టరు. మీరే తెచ్చుకోవాలి. కొంతమందికి ఇది తలనొప్పిగా అనిపిస్తుంది. నాకైతే ఇదే మంచిదనిపిస్తుంది. ఎందుకంటే, ఎక్కించే ముందే మీ చేతిలో అసలు ఫైలు ఉండాల్సిందే. ఆ ఫైలుని పారేయకండి. దాన్ని పాటల కాపీతో పాటు దాచండి. మిమ్మల్ని వెనక్కి తీసుకొచ్చేది ఆ ఫైలే.

ఆ అసలు ఫైలుని తీసుకుని యుటిలిటీ ఏం చేస్తుందంటే, అందులోని కంపెనీ ప్రోగ్రాముని కుదించి, మిగిలిన జాగాలో రాక్‌బాక్స్ బూట్‌లోడర్‌ని ఇరికిస్తుంది. అట్లా తయారైన కొత్త ఫైలు ప్లేయర్‌లోకి పోతుంది. మీరు కేబుల్ పీకగానే (సేఫ్లీ రిమూవ్ నొక్కి పీకాలి, అట్లా గుంజొద్దు) ప్లేయర్ అది కంపెనీ అప్‌డేటే అనుకుని తనకి తానే రాసుకుంటుంది. గుమ్మంలో మనిషి మారాడు, ఇంట్లో పాతవాళ్లు అట్లాగే ఉన్నారు. పాతవాళ్లని ఎవరూ వెళ్లగొట్టలేదు.

దీనికి తోడు ప్లేయర్‌లో డాట్ రాక్‌బాక్స్ అనే ఫోల్డర్ ఒకటి వస్తుంది. పేరు ముందు చుక్క ఉంటుంది కాబట్టి లినక్స్‌లో, మ్యాక్‌లో మామూలుగా కనపడదు. అసలు రాక్‌బాక్స్ మొత్తం, అక్షరాలు, తెర బొమ్మలు, మీ సెట్టింగులు అన్నీ ఆ ఫోల్డర్‌లోనే ఉంటాయి. కాబట్టి రెండు ముక్కలు గుర్తుపెట్టుకోండి. బూట్‌లోడర్ ఒకటి, ఫోల్డర్ ఒకటి.

ఇప్పుడు మామూలుగా ఆన్ చేస్తే రాక్‌బాక్స్ లేస్తుంది. ఎడమ బటన్ నొక్కి పట్టుకుని ఆన్ చేస్తే కంపెనీ ప్రోగ్రామే లేస్తుంది. ఒకే ఇంటికి రెండు వాకిళ్లు. ఒకటి ఇరుక్కుంటే ఇంకోదాంట్లోంచి పోవచ్చు. కంపెనీ ప్రోగ్రాము పాటల జాబితా రాసుకుంటూ చతికిలబడినా, రాక్‌బాక్స్‌లోంచి యూఎస్‌బీ పెట్టి ఫైళ్లు బయటికి తీయొచ్చు. మా దోస్తుకి కావలసింది ఈ రెండో వాకిలే. అయితే ఇది ముందే పెట్టుకుని ఉండాలి. ఇల్లు కాలాక బావి తవ్వితే లాభం లేదని పెద్దవాళ్లు ఊరికే అనలేదు.

ఇక దించడం. నన్ను అడిగితే దీన్నే మొదట నేర్పాలి. ఎందుకంటే మన చేతిలో ఉండే వస్తువు చాలాసార్లు మన ఒక్కరిది కాదు. అక్కది, హాస్టల్‌ది, ఊరి యువజన సంఘానిది అయి ఉంటుంది. తీసుకున్న వస్తువుని తీసుకున్నట్టే తిరిగి ఇచ్చే దారి తెలియకుండా దాని మీద చెయ్యి వేయకూడదు.

చాలామంది చేసే పని ఏంటంటే, రాక్‌బాక్స్ వద్దనుకుని ఆ చుక్క ఫోల్డర్ ఒక్కటి తుడిచేస్తారు. అప్పుడు ఏమవుతుంది? గుమ్మంలో మనిషి రాక్‌బాక్స్ వాడే. వాడు లేచి లోపల ఫోల్డర్ కోసం వెతుకుతాడు. దొరకదు. ఫైలు లేదని తెర మీద రాసి అక్కడే ఆగిపోతాడు. జనం గుండె జారిపోయి "ప్లేయర్ చచ్చిపోయింది" అంటారు. చావలేదు. ఎడమ బటన్ పట్టుకుని ఆన్ చేయండి, పాత ప్రోగ్రాము లేస్తుంది. ఇది తెలియక ఎన్ని ప్లేయర్లు చెత్తబుట్టలో పడ్డాయో.

సరైన పద్ధతి ఇది. ఎడమ బటన్‌తో కంపెనీ ప్రోగ్రాములోకి వెళ్లండి. ఎంఎస్‌సీ మోడ్‌లో కంప్యూటర్‌కి తగిలించండి. మీరు దాచుకున్న అసలు ఫైలుని, మార్చనిదాన్ని, ప్లేయర్‌లో అన్నిటికంటే పైన, ఏ ఫోల్డర్‌లోనూ కాకుండా కాపీ చేయండి. సేఫ్లీ రిమూవ్ చేసి కేబుల్ పీకండి. ప్లేయర్ మళ్లీ అప్‌డేట్ చేసుకుంటుంది. ఇప్పుడు గుమ్మంలో పాత మనిషే. అప్పుడు నింపాదిగా డాట్ రాక్‌బాక్స్ ఫోల్డర్ తుడవండి. లినక్స్‌లో కనపడకపోతే కంట్రోల్ పట్టుకుని హెచ్ నొక్కండి. పాటలు ఎక్కడివి అక్కడే ఉంటాయి. ఫార్మాట్ అవసరం లేదు. ఎవరైనా ఫార్మాట్ అంటే, ఎందుకని అడగండి.

ఒక హెచ్చరిక. పేరు ఒకటే అయినా లోపల వేరే సరుకు ఉండొచ్చు. శాన్సా ఫ్యూజ్ రెండు రకాలుగా వచ్చింది, బయటికి కవలల్లా ఉంటాయి. సెట్టింగుల్లో సిస్టమ్ ఇన్ఫో చూడండి. వెర్షన్ వి సున్నా ఒకటితో మొదలైతే మొదటి రకం, వి సున్నా రెండుతో మొదలైతే రెండో రకం. ఒకదాని ఫైలు ఇంకోదానికి పెట్టకూడదు. అట్లాగే క్లిప్ ప్లస్, క్లిప్ జిప్‌లకి రాక్‌బాక్స్ ఉంది. క్లిప్ జామ్, క్లిప్ స్పోర్ట్‌లకి లేదు. అన్నీ క్లిప్పులే కదా అని కొనేయొద్దు. సంతలో వంద, రెండొందలకి దొరికే పేరు లేని ఎంపీత్రీ ప్లేయర్లకి కూడా లేదు. వాటి మీద పాటలు వినండి, అంతే. కొత్తవాటిలో ఫియో ఎం3కే లాంటి కొన్నిటికి ఉంది, కొనే ముందు రాక్‌బాక్స్ సైట్‌లో జాబితా చూసుకోండి.

ఐపాడ్ ఉన్నవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఇద్దరు. సరే, మీ కోసం. ఐపాడ్‌లో ఐట్యూన్స్ పాటలు ఎక్కించేటప్పుడు వాటిని కనపడని ఒక ఫోల్డర్‌లో పెట్టి, పేర్లు కూడా మార్చేస్తుంది. మీరు "అమ్మమ్మ నాట్ల పాట" అని పేరు పెట్టి ఎక్కిస్తే, లోపల అది అర్థం లేని నాలుగు ఇంగ్లీషు అక్షరాలు. అందుకే ఐపాడ్‌లోంచి పాటలు బయటికి తీయడం మామూలువాళ్లకి చేతకాదు. రాక్‌బాక్స్‌లో మీరు ఏ ఫోల్డర్‌లో ఏ పేరుతో పెడితే ఆ పేరుతోనే ఉంటుంది. కాపీ చేస్తే కాపీ అవుతుంది. మ్యాక్ కంప్యూటర్‌తో తయారు చేసిన ఐపాడ్ అయితే దాని డిస్కు పద్ధతి వేరు, దాన్ని ముందు ఫ్యాట్32లోకి మార్చుకోవాలి. మారిస్తే పాటలు పోతాయి. మళ్లీ చెప్తున్నా, ముందు కాపీ.

దించేటప్పుడు ఐపాడ్‌కి రెండు దారులున్నాయి. ఒకటి రాక్‌బాక్స్ యుటిలిటీలోనే అన్‌ఇన్‌స్టాల్ నొక్కడం. అది బూట్‌లోడర్‌ని తీసి పాతది పెడుతుంది, పాటల జోలికి పోదు. రెండోది ఐట్యూన్స్‌లో రీస్టోర్. రీస్టోర్ అనే మాట చల్లగా ఉంటుంది, ఏదో తిరిగి ఇస్తున్నట్టు. అది ఇచ్చేది ఆపిల్ ఫర్మ్‌వేర్‌ని. మీ పాటలన్నిటినీ తుడిచేసి ఇస్తుంది. అదే పని షాపులో చేసినా, ఇంట్లో చేసినా ఫలితం ఒకటే.

మరి ఇంత కష్టపడి ఎక్కిస్తే ఏమొస్తుంది? మన పనికి పనికొచ్చేవి మాత్రం చెప్తాను, మిగతావి మీరే తిరిగి చూసుకోండి. థీమ్‌లు, ఈక్వలైజర్లు, ఆటలు కూడా ఉన్నాయి, వాటితో నాకు పని లేదు.

ఒకటి, పాటని నిదానం చేయడం. మన ముసలివాళ్లు పాడేటప్పుడు మాటలు మింగేస్తారు. మళ్లీ మళ్లీ విన్నా ఏమన్నారో దొరకదు. రాక్‌బాక్స్‌లో టైమ్‌స్ట్రెచ్ అని ఉంటుంది. సౌండ్ సెట్టింగుల్లో ఆన్ చేసి, ప్లేయర్‌ని ఒకసారి ఆపి మళ్లీ వేయాలి. అప్పుడు పాట వేగం తగ్గిస్తే గొంతు బొంగురు పోదు. అదే గొంతు, నిదానంగా. దాంతో పాటు ఏ-బీ రిపీట్ ఉంది. ఇక్కడి నుంచి ఇక్కడిదాకా అని గుర్తు పెడితే ఆ ముక్కే తిరిగి తిరిగి వస్తుంది. కోయ పాటలు రాసి పెట్టాలనుకునే చెల్లెళ్లకి ఈ రెండూ చాలు. నేను ఇట్లాగే కూర్చుని రాస్తున్నాను. ఒక్క పాటకి ఒక్కోసారి రాత్రంతా పడుతుంది. అయినా చివరికి మాట దొరుకుతుంది.

రెండోది, రికార్డింగ్. వేవ్ ఫార్మాట్‌లో, నాణ్యత తగ్గకుండా రికార్డు చేసుకోవచ్చు. ఫైళ్లు పెద్దవవుతాయి కాబట్టి కార్డు పెట్టుకోండి. 64 జీబీ కార్డు కొంటే అది మామూలుగా ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో వస్తుంది. దాన్ని ఫ్యాట్32లోకి మార్చుకుంటే ఈ బుల్లి ప్లేయర్ చక్కగా చదువుతుంది. మైకు మాత్రం చిన్నదే, గాలి వీస్తే గాలే వినపడుతుంది. నోటికి జానెడు దూరంలో, పలచటి గుడ్డ కప్పి పెట్టండి. ఇంకా ముఖ్యమైంది, పాడేవాళ్లని అడిగి రికార్డు చేయండి. కొన్ని పాటలు కొలుపుల దగ్గరే పాడతారు, బయట వినిపించరు. ఆ ఫైలుని ఎవరికి ఇవ్వొచ్చో కూడా వాళ్లనే అడగండి.

మూడోది నాకు అన్నిటికంటే ఇష్టం. రాక్‌బాక్స్ మాట్లాడుతుంది. చూపు లేనివాళ్లు వాడుకోవాలని మెనూలు చదివి వినిపించే ఏర్పాటు పెట్టారు. ఏ వరస మీద ఉన్నారో దాన్ని పైకి చదువుతుంది. కంపెనీలు తెర సైజులు, రంగులు పెంచుకుంటున్న రోజుల్లో వీళ్లు చూపు లేనివాళ్ల గురించి ఆలోచించారు. అంతటితో ఆగలేదు. ఒక్కో ఫోల్డర్‌కి మనం సొంతగా ఒక గొంతు పెట్టుకోవచ్చు. ఒక మాట రికార్డు చేసి, దాన్ని స్పీక్స్ అనే పద్ధతిలోకి మార్చి, ఆ ఫోల్డర్‌లో అండర్‌స్కోర్ డిర్‌నేమ్ డాట్ టాక్ అనే పేరుతో పెట్టాలి. సెట్టింగుల్లో వాయిస్ దగ్గర ఫోల్డర్లకి టాక్ క్లిప్పులు అని ఆన్ చేయాలి. అప్పుడు ఆ ఫోల్డర్ మీదికి రాగానే మీ గొంతే వినపడుతుంది.

ఆలోచించండి. మన ముసలమ్మలకి తెలుగు అక్షరాలు రావు, ఇంగ్లీషు అసలు రాదు. కోయ భాషలో మెనూ ఉన్న ప్లేయర్‌ని నేను ఎక్కడా చూడలేదు. అయితే ఫోల్డర్ మీదికి రాగానే మనవరాలి గొంతు కోయలో "ఇవి పెళ్లి పాటలు", "ఇవి నాట్ల పాటలు" అని చెప్తే, చదువు రాకపోయినా ఆమె తన పాట తాను పెట్టుకుంటుంది. దీనికి ఏ కంపెనీ పర్మిషనూ అక్కర్లేదు, ఏ ఆఫీసు చుట్టూ తిరగక్కర్లేదు. మేం ఒక ప్లేయర్‌కి ఇట్లా చేశాం. మొదటి రోజు ఆమె బటన్ నొక్కి నొక్కి పాటలు వినలేదు, ఫోల్డర్ల పేర్లే విన్నది. మనవరాలి గొంతు కోసం.

ఇదంతా చట్టానికి వ్యతిరేకమా అని ఒక అక్క చీటీ పంపింది. మనం కొన్న వస్తువులో మన చేతులతో మనం ఒక ఉచిత ప్రోగ్రాము పెట్టుకుంటున్నాం. రాక్‌బాక్స్‌లో కంపెనీ కోడ్ లేదు, ఆ కంపెనీ ఫైలుని మనం ఎవరికీ అమ్మట్లేదు. కంపెనీ వారంటీ ఇవ్వనంటే అనొచ్చు. ఈ ప్లేయర్ల వారంటీ ఎప్పుడో అయిపోయింది లెండి. మన దేశంలో కూడా 2022లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ రిపేర్ హక్కు మీద ఒక కమిటీ వేసింది, అదే ఏడాది చివర్లో ఒక పోర్టల్ కూడా తెరిచింది. కొన్న వస్తువుని బాగు చేసుకునే వివరాలు కంపెనీ ఇవ్వాలా వద్దా అనే చర్చ ఢిల్లీ దాకా పోయిందన్నమాట. చర్చ చర్చలాగా నడవనివ్వండి. మీరు ఈలోగా అసలు ఫైలు దాచుకోండి.

ఫోన్ల గురించి అడిగారు. ఫోన్లలో కూడా ఇట్లాంటివి ఉన్నాయి, లీనియేజ్ ఓఎస్ లాంటివి. అక్కడ బూట్‌లోడర్ అన్‌లాక్ చేస్తే చాలా ఫోన్లలో మొత్తం డేటా తుడిచిపెట్టుకుపోతుంది, బ్యాంకు యాప్‌లు మొరాయిస్తాయి. కాబట్టి ఒక్కటే ఫోన్ ఉన్నవాళ్లు, ఆ ఫోన్‌తోనే స్కాలర్‌షిప్ ఓటీపీలు చూసుకునేవాళ్లు దాని జోలికి పోవద్దు. ముందు ఇట్లాంటి పాత ప్లేయర్ మీద చెయ్యి తిప్పుకోండి. ఇది పాడైనా ఆకలితో ఎవరూ చావరు, లోపల పాటలు కాపీ అయి ఉంటే.

బ్యాగులో రెండు క్లిప్ ప్లస్‌లు, ఒక ఫ్యూజ్ తెచ్చాను. ఫ్యూజ్ ఏ రకమో నేను చెప్పను, మీరే చూసి చెప్పాలి. ఒకదాంట్లో చుక్క ఫోల్డర్ కావాలనే తుడిచేసి తెచ్చాను, ఆన్ చేస్తే ఫైలు లేదంటుంది. టీ తాగాక ముగ్గురు ముగ్గురు కూర్చోండి. మొదట దాన్ని పాత ప్రోగ్రాములోకి తీసుకురండి. అది అయ్యాకే మిగతా రెండిటికి ఎక్కిద్దాం. కరెంటు పోయేలోపు మొదలుపెడదాం, ల్యాప్‌టాప్ ఒక్కటే ఉంది.

జోహార్.